కేంద్రకపు వాకిట ఇన్‌ఫ్లుయెంజా వైరస్

వానకాలము ముదిరినప్పుడును, మరల చలి తగ్గుముఖము పట్టు దినములలోను హైదరాబాదు నగరమున ఇన్‌ఫ్లుయెంజా జ్వరములు ప్రబలుచుండును. చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతములలో ఈ సంగతి మరింత తేటగా కనబడును. పోటీ పరీక్షలకు చదువుకొను యువతీయువకులు జిల్లాలనుండి వచ్చి ఇచ్చట ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున ఉందురు. పగలెల్ల కోచింగు తరగతులలోనో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములోనో ఒకరి ప్రక్క ఒకరు ఇరుకుగా కూర్చుందురు. ఒకనికి ఒళ్ళునొప్పులు, జ్వరము, పొడిదగ్గు వచ్చినచో రెండు మూడు దినములు గడవకముందే గదిలో మిగిలినవారును మంచము పట్టుదురు. పరీక్ష తేదీ దగ్గరపడినప్పుడు ఈ వారము దినముల జ్వరము ఒక సంవత్సరపు శ్రమను వృథా చేయగలదు.

ఈ జ్వరము మామూలు పడిశమా, ఇన్‌ఫ్లుయెంజాయా అని తేల్చు ప్రభుత్వ సంస్థ కూతవేటు దూరములో నారాయణగూడలో ఉన్నది. అదియే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. నగరవాసులలో పెక్కుమంది దానిని కుక్కకాటు సూదులకును, రక్తనిధికిని మాత్రమే ఎరుగుదురు. కాని 2015 సంవత్సరారంభమున తెలంగాణమంతట హెచ్1ఎన్1 ఇన్‌ఫ్లుయెంజా, అనగా జనులు స్వైన్ ఫ్లూ అని పిలిచినది, వ్యాపించినపుడు రోగుల గొంతునుండి తీసిన నమూనాలు పరీక్షకై చేరినది ఇచ్చటికే. అంతకు ఆరేండ్ల ముందు, 2009 మే నెలలో, భారతదేశమున ఈ జాతి వైరస్ సోకిన మొదటి రోగి గుర్తింపబడినదియు హైదరాబాదులోనే. అతడు అమెరికానుండి విమానములో వచ్చినవాడు.

అట్టి పరీక్షలలో రోగి గొంతు నమూనానుండి ఆర్.ఎన్.ఏ.ను వేరుచేసి, అందు వైరస్‌కు చెందిన భాగములున్నవేమో చూతురు. అమెరికాలోని సి.డి.సి. సంస్థ 2009లో రూపొందించి పలు దేశములకు పంపిన పరీక్షలో వెదకబడిన భాగములలో ఒకటి ఎన్.పి. అను ప్రోటీన్‌ను తయారుచేయు జన్యువు. ప్రోటీనులను మన పాత పాఠ్యపుస్తకములు మాంసకృత్తులనెడివి. పరీక్షించువానికి ఎన్.పి. ఒక గుర్తు మాత్రమే. వైరస్‌కు మాత్రము అది ప్రాణాధారము. ఆ ప్రోటీన్ మన కణములో ఏమి చేయును? ఎచ్చటికి పోవును? ఎట్లు పోవును? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకుటకు శాస్త్రజ్ఞులకు ఇంచుమించు నలువదేండ్లు పట్టినది.

కేంద్రకముతో ఏమి పని?

వైరస్‌లు రెండు విధములు: డి.ఎన్.ఏ. కలవి, ఆర్.ఎన్.ఏ. కలవి. ఆర్.ఎన్.ఏ. వైరస్‌లలో అధికభాగము మన కణముయొక్క కేంద్రకము జోలికి పోవు. పోలియో, డెంగ్యూ, 2020లో ప్రపంచమును స్తంభింపజేసిన కోవిడ్ వైరస్, ఇవన్నియు కేంద్రకము వెలుపల, కణద్రవ్యములోనే తమ ప్రతులను తయారుచేసికొనును. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ కూడ ఆర్.ఎన్.ఏ. వైరసే అయినను ఈ నియమమునకు లోబడదు.

ఈ సంగతి మొదట బయటపడినది ఒక మందు మూలమున. ఆక్టినోమైసిన్ అను పదార్థము డి.ఎన్.ఏ.కు అంటుకొని, దానినుండి ఆర్.ఎన్.ఏ. తయారగుటను ఆపివేయును. డి.ఎన్.ఏ.తో సంబంధము లేని వైరస్‌ను అది బాధింపరాదు. కాని 1962లో బారీ, అతని సహచరులు పరీక్షింపగా ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వృద్ధి ఆ మందుతో నిలిచిపోయినది. తన దగ్గర డి.ఎన్.ఏ. లేశమైనను లేని వైరస్‌కు మన డి.ఎన్.ఏ.తో ఏమి అవసరమో అప్పుడు ఎవరికిని బోధపడలేదు. 1970 తరువాతి సంవత్సరములలో కేంద్రకమును తొలగించిన కణములకు ఈ వైరస్‌ను సోకించి చూచిరి. కణము బ్రతికియే ఉన్నది, వైరస్ లోనికి పోయినది, కాని సంతతి కలుగలేదు.

కారణమిది. మన కేంద్రకము గ్రంథాలయములోని ఆకరగ్రంథముల గది వంటిది. ఆ గ్రంథములను బయటికి ఇయ్యరు. కావలసిన పుటను నకలు తీసికొని వెలుపలికి తేవలెను. ఆ నకలే వార్తాహర ఆర్.ఎన్.ఏ. దీనిని కణద్రవ్యములోని రైబోసోములు చదివి ప్రోటీనులను నిర్మించును. అయితే రైబోసోములు ఏ నకలును బడితే దానిని సాధారణముగ చదువవు. నకలు మొదట ఒక ప్రత్యేకమైన రసాయనిక ముద్ర ఉండవలెను. దీనికి టోపీ యని పేరు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు ఈ టోపీ తయారుచేసికొను శక్తి లేదు. కావున అది దొంగిలించును. మన కణము అప్పుడే తయారుచేసిన నకళ్ళను పట్టుకొని, టోపీతో కూడ పది పదమూడు అక్షరముల ముక్కను కత్తిరించి, దానికి తన వార్తను తగిలించుకొనును. సర్కారు ముద్ర గల కాగితపు పైభాగమును చింపి తన అర్జీకి అతికించుకొన్నట్లే. అట్టి క్రొత్త నకళ్ళు దొరకు చోటు కేంద్రకమొక్కటే. ఆక్టినోమైసిన్ వేసినచో క్రొత్త నకళ్ళు పుట్టవు, దొంగకు దొంగిలించుటకు టోపీ దొరకదు. 1962 నాటి చిక్కు విడివడినది ఈ విధముగా.

దొంగతనము చేయవలెనన్న ముందు గదిలోనికి పోవలెను గదా. అసలు కష్టము అక్కడ ఉన్నది.

కణములోనికి వచ్చు దారి

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ కణిక వ్యాసము ఇంచుమించు 100 నానోమీటరులు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షల వంతు. దాని వెలుపలి పొరపై హీమాగ్లుటినిన్ అను ముండ్ల వంటి ప్రోటీనులుండును. అవి మన శ్వాసనాళపు కణములపైనున్న సయాలిక్ ఆమ్లమును పట్టుకొనును. కణము దానిని ఏదో పోషకపదార్థమువలె ఒక చిన్న సంచిలో మూసి లోనికి తీసికొనును. ఆ సంచిలో ఆమ్లత్వము క్రమముగా హెచ్చును. ఆమ్లము తగులగనే హీమాగ్లుటినిన్ ఆకారము మార్చుకొని, వైరస్ పొరను సంచి పొరతో కలిపివేయును. అదే సమయమున ఎమ్2 అను మరియొక ప్రోటీన్ తన సన్నని రంధ్రముగుండా ఆమ్లమును వైరస్ లోపలికిని పంపును. అందువలన లోపల అన్నిటిని బంధించియున్న ఎమ్1 అను ప్రోటీన్ పట్టు సడలును. ఇప్పుడు వైరస్ యొక్క జన్యుభాగములు కణద్రవ్యములో పడును.

ఆ భాగములు ఎనిమిది. అన్నిటిని కలిపిన సుమారు 13,500 అక్షరముల పొడవు. వట్టి ఆర్.ఎన్.ఏ. కణద్రవ్యములో పడినచో దానికి రక్షణ ఉండదు. అందుచేత ప్రతి భాగమును ఎన్.పి. ప్రోటీనులు వరుసగా కప్పియుండును. ఇంచుమించు 24 అక్షరములకు ఒక ఎన్.పి. చొప్పున లెక్కించిన, ఒక్క వైరస్ కణికలో ఐదువందలకు పైగా ఎన్.పి. అణువులుండవలెను. విద్యార్థులు భాగహారము చేసి చూచుకొనవచ్చును. ప్రతి భాగము కొసను మూడు ప్రోటీనులు కలిసిన ఒక యంత్రము అంటియుండును. వీటికి పి.బి.1, పి.బి.2, పి.ఏ. అని పేర్లు. టోపీని పట్టుకొనునది పి.బి.2, కత్తిరించునది పి.ఏ., దానికి అక్షరములను చేర్చుచు పోవునది పి.బి.1. ఈ మొత్తము కట్ట, అనగా ఆర్.ఎన్.ఏ., దాని చుట్టునున్న ఎన్.పి.లు, కొసనున్న యంత్రము, అన్నియు కలిసియే కేంద్రకమునకు ప్రయాణము చేయును. వైరస్ కణమును చేరిన ఒక గంట ప్రాంతమున ఈ కట్టలు కేంద్రకములో కనబడును.

వాకిలి

కేంద్రకము చుట్టు రెండు పొరలు గల గోడ ఉన్నది. 1950లో కాలన్, టామ్లిన్ అను ఇరువురు, కప్ప జాతి జంతువుల అండములనుండి ఈ గోడను ఒలిచి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడగా, దాని నిండ రంధ్రములు కనబడినవి. ఒక మానవకణపు కేంద్రకమునకు ఇట్టి రంధ్రములు కొన్ని వేలు ఉండును. రంధ్రమన్నంతమాత్రమున గోడకు పడిన బెజ్జము వంటిదని తలపరాదు. ఒక్కొక్కటి సుమారు ముప్పది రకముల ప్రోటీనులు, మొత్తము వందలకొలది అణువులు కలిసి నిర్మించిన పెద్ద ద్వారబంధము. దాని వెలుపలి వెడల్పు 120 నానోమీటరుల ప్రాంతము. నడుమ దారి అంతకంటె చాల సన్నము. ఆ దారిలో గోడలనుండి ప్రోటీన్ దారములు వ్రేలాడుచు ఒక జల్లెడవలె ఉండును.

చిన్న అణువులు ఈ జల్లెడగుండా స్వేచ్ఛగా పోవును, వచ్చును. అణుభారము 40,000 దాటిన ప్రోటీనులకు అట్టి స్వేచ్ఛ దాదాపు లేదు. ఎన్.పి. అణుభారము 56,000. ఒక్క ఎన్.పి.కే దారి లేనప్పుడు వందలాది నానోమీటరుల ఆర్.ఎన్.ఏ. చుట్టుకొని, వాటి వరుసలతో కడ్డీవలె తయారైన కట్ట సంగతి చెప్పనక్కరలేదు. అయినను అది పోవుచున్నది. ఎట్లు?

పైవిలాసము

ఉత్తరముపై 500020 అని వ్రాసియున్న అది చిక్కడపల్లికి వచ్చును, 500029 అని వ్రాసియున్న నారాయణగూడకు పోవును. ఉత్తరములో ఏమున్నదో తపాలావాడు చదువడు. కణములోని ప్రోటీనులకును ఇట్టి పైవిలాసమున్నది. అయితే ఒక భేదము: ఆ విలాసము కవరుపై వ్రాసినది కాదు, ప్రోటీన్ దేహములోనే ఒక భాగము. ఈ మూలసూత్రమును స్థాపించినందుకే గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమానము లభించినది.

కేంద్రకమునకు పోవు విలాసమును మొదట స్పష్టముగా చదివినది 1984లో. బ్రిటన్ జాతీయ వైద్య పరిశోధనసంస్థకు చెందిన కాల్డెరాన్, అతని సహచరులు ఎస్.వి.40 అను కోతి వైరస్ యొక్క ఒక ప్రోటీన్‌ను పరీక్షించిరి. అందు ఏడు ఆమినో ఆమ్లముల చిన్న వరుస ఉన్నది: ప్రోలీన్, లైసీన్, లైసీన్, లైసీన్, ఆర్జినీన్, లైసీన్, వాలీన్. దీనిలో ఒక్క లైసీన్‌ను మార్చినంతనే ఆ ప్రోటీన్ కేంద్రకమునకు పోక కణద్రవ్యములో నిలిచిపోయినది. ఈ వరుసను తీసి కేంద్రకముతో ఏ సంబంధము లేని ప్రోటీనుకు తగిలింపగా అది కేంద్రకములో చేరినది. లైసీన్, ఆర్జినీన్ అను రెండును ధనవిద్యుదావేశము గలవి. ఈ విషయము తరువాత మరల వచ్చును, కనుక పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముచ్చటయైన విషయమేమనగా, 1933లో మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను ఫెర్రెట్ అను ముంగిస వంటి జంతువులలో పెంచి మొదట వేరుచేసినదియు ఆ సంస్థవారే.

అదే 1984లో ఫెల్డ్‌హెర్ మరియొక ప్రయోగము చేసెను. కేంద్రకమునకు పోవు ఒక ప్రోటీన్‌ను సూక్ష్మమైన బంగారపు రేణువులకు పూసి, వాటిని కప్ప అండములోనికి ఎక్కించెను. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ నల్లని చుక్కలు కేంద్రకపు రంధ్రముల నడుమ బారులు తీరి కనబడినవి. బంగారమునకు కేంద్రకముతో పనియేమున్నది? దానిపై పూసిన విలాసమునుబట్టి ద్వారము తెరచుకొన్నది. లోన ఉన్నది బంగారమైనను, మట్టియైనను, వైరస్ అయినను ద్వారమునకు ఒకటే.

విలాసమున్నంతమాత్రమున ఉత్తరము తనంతట నడువదు, మోయువాడుండవలెను. 1994, 1995 సంవత్సరములలో డిర్క్ గోర్లిష్ మున్నగువారు ఆ వాహకములను వేరుచేసి ఇంపార్టిన్ అని పేరిడిరి. ఇవి జంటగా పనిచేయును. ఇంపార్టిన్ ఆల్ఫా విలాసమును చదివి సరుకును పట్టుకొనును. ఇంపార్టిన్ బీటా ఆల్ఫాను పట్టుకొని, జల్లెడలోని దారములకు అంటుచు, విడచుచు లోనికి దాటించును. లోపల రాన్ అను మరియొక చిన్న ప్రోటీన్ కాచుకొనియుండును. అది జి.టి.పి. అను పదార్థముతో కూడి బీటాకు తగులగనే జంట విడిపోయి సరుకు జారిపడును. వాహకములు మరల వెలుపలికి వచ్చును. రాన్ కేంద్రకము లోపల ఒక రూపములోను, వెలుపల మరియొక రూపములోను ఉండుటచేతనే సరుకు లోపలనే దిగును, దారి నడుమ దిగదు. ఒక్కొక్క రంధ్రముగుండా క్షణమునకు వందలాది అణువుల రాకపోకలు జరుగుచున్నవన్న, ఈ ఏర్పాటు ఎంత చురుకైనదో ఊహింపవచ్చును.

వైరస్ తెచ్చుకొన్న విలాసములు

ఇక ఎన్.పి. సంగతి. 1985లో డేవీ, డిమ్మాక్, కోల్మన్ ఈ ప్రోటీన్‌ను కప్ప అండములలో తయారుచేయించి, అది కేంద్రకములో కూడుటకు కారణమైన భాగమును వెదకిరి. దాని నడిమి భాగమున ఒక వరుస దొరకినది. చాలకాలము అదియే విలాసమని అందరును నమ్మిరి. కాని 1997లో రెండు పరిశోధకబృందములు వేరువేరుగా పనిచేసి, ముఖ్యమైన విలాసము మరియొక చోట, ప్రోటీన్ మొట్టమొదటి పదమూడు ఆమినో ఆమ్లములలోనే ఉన్నదని కనుగొనిరి. అంతవరకు దానినెవరును గుర్తింపకపోవుటకు తగిన కారణమున్నది. ఎస్.వి.40లోవలె అందు లైసీన్‌ల గుంపు లేదు. వ్రాత వేరు, అయినను తపాలావాడు చదువగలడు. ఇంపార్టిన్ ఆల్ఫా దేహములో విలాసము అమరు గుంటలు రెండున్నవి. మామూలు విలాసములు ఎక్కువగా పెద్ద గుంటను, ఎన్.పి. మొదటి విలాసము చిన్న గుంటను ఆశ్రయించును.

అయితే ఎన్.పి. తాను పోవుట వేరు, ఆర్.ఎన్.ఏ.ను వెంట తీసికొని పోవుట వేరు. దీనిని తేల్చిన 1995 నాటి ప్రయోగము ప్రత్యేకముగ చెప్పదగినది. ఓనీల్, బ్లోబెల్, పలేసి మున్నగువారు కణములను డిజిటోనిన్ అను పదార్థముతో కడిగిరి. అందుచే కణపు వెలుపలి పొరకు రంధ్రములు పడి కణద్రవ్యములోని వాహకములన్నియు కారిపోయినవి. కేంద్రకపు గోడ మాత్రము చెడలేదు. అనగా వాకిలి ఉన్నది, మోయువాడు లేడు. ఇప్పుడు వెలుగునిచ్చు రంగుతో గుర్తుపెట్టిన వైరస్ ఆర్.ఎన్.ఏ.ను పోసిరి. అది కేంద్రకము వెలుపలనే నిలిచినది. ఎన్.పి.ని మాత్రము కలిపిరి. అప్పుడును ప్రయోజనము లేదు. ఇంపార్టిన్ ఆల్ఫాను, బీటాను, రాన్‌ను చేర్చిన తరువాతనే ఆర్.ఎన్.ఏ. లోనికి పోయి కేంద్రకము వెలిగినది. ఎన్.పి. లేక వాహకములను మాత్రము పోసినను ఆర్.ఎన్.ఏ. కదలలేదు. వైరస్ తన వెంట తెచ్చుకొనునది విలాసము మాత్రమే, మోయు కూలీలందరును మనవారే అని దీనివలన తేలినది.

ఈ ప్రవేశము ఒక్కమారుతో ముగియదు. లోనికి పోయిన కట్టలు దొంగటోపీలతో వార్తలను తయారుచేసి వెలుపలికి పంపును. రైబోసోములు వాటిని చదివి వైరస్ ప్రోటీనులను నిర్మించును. ఆ ప్రోటీనులలో హీమాగ్లుటినిన్, న్యూరమినిడేస్, ఎమ్2 కణపు పొరకు పోవును. ఎన్.పి., పి.బి.1, పి.బి.2, పి.ఏ. మాత్రము క్రొత్త ఆర్.ఎన్.ఏ. ప్రతులను తయారుచేయుటకు మరల కేంద్రకములోనికి పోవలెను. ఇందులో ఒక వింత ఉన్నది. పి.బి.1, పి.ఏ. అను రెండును వెలుపలనే జతగూడి కలిసి ప్రయాణము చేయును. పి.ఏ. లేనిచో పి.బి.1 లోనికి సరిగా చేరదు. వాటిని మోయునది ఇంపార్టిన్ ఆల్ఫా కాదు, ఇంపార్టిన్ 5 అను వేరొక వాహకము. పి.బి.2 మాత్రము ఒంటరిగా, ఆల్ఫా భుజముపై పోవును. ముగ్గురును కేంద్రకములోనే కలిసి యంత్రమగుదురు. వెలుపలనే మూడును కలిసినచో యంత్రము అకాలమున పనిచేయునేమోనని ఊహింపవచ్చును గాని, అది ఊహయే.

పక్షివాహకుడు, మనుష్యవాహకుడు

మనుష్యులలో ఇంపార్టిన్ ఆల్ఫా ఒక్కటి కాదు, ఏడు రకములున్నవి. పక్షుల ఆల్ఫాలకును మన ఆల్ఫాలకును స్వల్పభేదములు గలవు. ఇన్‌ఫ్లుయెంజా ఏ వైరస్‌ల సహజనివాసము నీటిపక్షులు. పక్షివైరస్ మనుష్యునిలో నిలద్రొక్కుకొనవలెనన్న మన గొంతులోని సయాలిక్ ఆమ్లమును పట్టుకొనుట నేర్వవలెనని చాలమంది ఎరుగుదురు. కణములోనికి వచ్చిన పిమ్మట రెండవ వాకిట మరియొక పరీక్ష ఉన్నదని తెలిసినవారు తక్కువ.

పి.బి.2 ప్రోటీన్‌లో 759 ఆమినో ఆమ్లములున్నవి. దాని విలాసము తోకవైపున, 736 తరువాత ఉన్నది. పక్షివైరస్‌లలో 701వ స్థానమున ఆస్పార్టిక్ ఆమ్లముండును. దీనికి ఋణావేశము. విలాసములోని 753వ ఆర్జినీన్‌కు ధనావేశము. వ్యతిరేకావేశములు ఆకర్షించుకొనునని ఎనిమిదవ తరగతి విద్యార్థియు చెప్పగలడు. ఈ ఆకర్షణచే విలాసమున్న భాగము ప్రోటీన్ దేహమునకు అంటుకొని మడిగియుండును. ఉత్తరమును మడతబెట్టి విలాసము లోపలికి పోయినట్లు. 701వ స్థానమున ఆస్పార్టిక్ ఆమ్లమునకు బదులు ఆవేశము లేని ఆస్పరజీన్ వచ్చినచో బంధము వీడి విలాసము బయటపడుట సులభమగును. 2007లో వెలువడిన స్ఫటికనిర్మాణము ఈ విషయమునే సూచించినది. 2008లో గుల్సా గాబ్రియెల్, ఆమె సహచరులు ఈ ఒక్క మార్పు వలన పి.బి.2 క్షీరదకణముల ఇంపార్టిన్‌ను గట్టిగా పట్టుకొని కేంద్రకములోనికి హెచ్చుగా పోవునని చూపిరి. 2011లో అదే బృందము, పక్షివైరస్‌లు ఇంపార్టిన్ ఆల్ఫా 3 పైనను, క్షీరదములకు అలవడిన వైరస్‌లు ఆల్ఫా 7 పైనను ఆధారపడునని కనుగొన్నది. ఆల్ఫా 7 లేకుండ పెంచిన ఎలుకలలో, అలవడిన వైరస్ తీవ్రత చాల తగ్గినది.

ఇంతటితో జాతిభేదరహస్యమంతయు తెలిసిపోయినదనుకొనుట తొందరపాటు. నారాయణగూడలో పరీక్షింపబడిన హెచ్1ఎన్1 వైరస్‌నే చూడుడు. దాని పి.బి.2 మూలము పక్షివైరస్. 701లో పక్షిగుర్తే ఉన్నది, ప్రసిద్ధమైన 627వ స్థానమునను పక్షిగుర్తే ఉన్నది. అయినను అది మనుష్యులలో భూగోళమంతయు చుట్టినది. 590, 591 స్థానములలోని మార్పులు దానికి తోడ్పడినవని తరువాత తెలిసినది. ఈ 590, 591, 627 స్థానముల ప్రభావము కేంద్రకము లోపలికి చేరిన పిమ్మట, ఏ.ఎన్.పి.32 అను మన ప్రోటీన్ సహాయమును యంత్రము పొందుటలో కనబడును. ద్వారము దాటుట ఒకటి, లోపల పని దొరకించుకొనుట మరియొకటి. ప్రకృతి ఒకే తాళమునకు పెక్కు తాళపుచెవులు చేయుచుండును.

ఇది దూరదేశపు ప్రయోగశాలల ముచ్చట మాత్రము కాదు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు శివారున హయత్‌నగర్ మండలములో కోళ్ళకు హెచ్5ఎన్1 పక్షిజ్వరము వచ్చినది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారములలో వచ్చినది. ఆ మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1 సోకి మరణించినట్లు నిర్ధారణ అయినది. ఆ వైరస్ మనుష్యునినుండి మనుష్యునికి సులభముగ వ్యాపింప నేర్చినది కాదు. అందుకే ఇట్టి నమూనా ఎచ్చట దొరకినను శాస్త్రజ్ఞులు దాని ఆర్.ఎన్.ఏ.ను అక్షరమక్షరము చదివి, పి.బి.2లో 627, 701 స్థానములలో ఏమున్నదో ప్రత్యేకముగ చూతురు.

మందులు, వెలుపలి దారి

ఇంపార్టిన్‌లను అడ్డగించి వైరస్‌ను వెలుపలనే ఆపరాదా? ప్రశ్న సహజమైనదే. కాని వాహకములు మన కణమునకును అత్యవసరములు. మన ప్రోటీనులే కేంద్రకమునకు చేరకున్న కణము బ్రతుకదు. తపాలాకచ్చేరిని మూసి దొంగ ఉత్తరమును ఆపుట తెలివి కాదు. వాహకమునకు హాని కలుగకుండ, ఎన్.పి. లేక పి.బి.2 విలాసమునకు మాత్రమే అంటుకొను పదార్థము కొరకు వెదకులాట జరుగుచున్నది.

వాకిటికి ముందు మెట్టున అడ్డగించిన మందు పూర్వమున్నది. అమాంటడీన్ అను ఆ మందుకు అమెరికాలో 1966లో అనుమతి లభించినది. అది ఎమ్2 రంధ్రమును మూసివేయును. ఆమ్లము లోనికి పోదు, ఎమ్1 పట్టు సడలదు, కట్టలు కేంద్రకమునకు చేరవు. ఎమ్1 అంటియున్నంతకాలము కట్టలకు ప్రవేశము లేదని 1991లో మార్టిన్, హెలీనియస్ నిరూపించిరి. కాని ఎమ్2లో 31వ ఆమినో ఆమ్లము మారుటచే నేడు మనుష్యులలో తిరుగుచున్న వైరస్‌లు దాదాపు అన్నియు ఈ మందును లెక్కచేయవు. 2009 నాటి హెచ్1ఎన్1 పుట్టుకతోనే దీనికి లొంగనిది. ఆసుపత్రులలో సాధారణముగ ఇచ్చు ఒసెల్టమివిర్ పనిచేయునది వైరస్ కణమును విడుచు చివరి ఘట్టమున. 2018లో జపాను, అమెరికా దేశములలో అనుమతి పొందిన బలోక్సవిర్ మాత్రము కేంద్రకములోని దొంగనే పట్టుకొనును. అది పి.ఏ. యొక్క కత్తెరను మొండి చేయును. టోపీ కత్తిరింపబడదు, వార్త తయారుకాదు.

లోపల తయారైన క్రొత్త కట్టలు వెలుపలికి రావలెనన్న మరల ఆ రంధ్రముల గుండానే రావలెను. అప్పుడు పని ఎమ్1కు పడును. ప్రవేశకాలమున కట్టలను విడిచిపోవలసిన ఎమ్1, ఇప్పుడు తన సొంత విలాసముతో కేంద్రకములోనికి వచ్చి వాటిని పట్టుకొనును. ఎన్.ఇ.పి. అను మరియొక చిన్న ప్రోటీన్ వెలుపలికి పోవు విలాసమును తెచ్చి ఎమ్1కు తగులుకొనును. సి.ఆర్.ఎమ్.1 అను మన వాహకము ఆ విలాసమును చదివి కట్టను బయటికి మోసికొనిపోవును. ఎమ్1 అంటియుండుటచేత వెలుపలికి వచ్చిన కట్ట తిరిగి అదే కేంద్రకములోనికి పోజాలదు. అది కణపు పొరను చేరి, క్రొత్త కణికయై, మరియొక కణమును వెదకికొనుచు పోవును.